బాణం ఎటు చూపిస్తున్నది

“బాణం ఎటు చూపిస్తున్నది, జయా?”

జీపు ముందు దారి రెండుగా చీలింది. రెండూ రాళ్ల దారులే. రంజిత్ బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా భార్య వైపు చూశాడు. జయశ్రీ ఒళ్లో ఉన్న ఫోన్ మీదికి వంగి, చున్నీ అడ్డం పెట్టుకుంది. పొద్దు ఎదురుగా కొడుతుంటే సరిగా కనబడటం లేదని గొణిగింది. తర్వాత తలెత్తి, “ఎడమకు. మెల్లగ తిప్పు” అంది.

వెనక సీట్లో ఆమె తమ్ముడు నాగేశ్ పడుకుని ఉన్నాడు. గుడారం వేయడానికి రాళ్లు జరుపుతుంటే మడమ మీద పాము కాటేసింది. కాలు కదలకుండా గుడారం కర్ర ఆనించి, జయశ్రీ వదులుగా గుడ్డ చుట్టింది. ఎవరి ఫోన్‌లోనూ సిగ్నల్ లేదు.

రంజిత్ గద్వాలలో ఒక విత్తనాల కంపెనీలో పనిచేస్తాడు. పాత జీపు కొని బాగు చేయించుకున్నాక అతనికి కొండల పిచ్చి పట్టుకుంది. మన్ననూరు వైపు అడవిలో బండిని రోడ్డు దిగనివ్వరు కాబట్టి, పులుల అడవికి ఇవతల, కొల్లాపూర్ దాటాక కృష్ణ నీళ్లు కనిపించే గుట్టలను ఎంచుకున్నాడు. సిగ్నల్ లేకున్నా పనిచేసేలా మ్యాపును ముందే ఫోన్‌లో దింపుకున్నాడు. ఎక్కడ ఎక్కాలి, ఏ వాగు దాటాలి, ఎటు బయటపడాలి అని రోజూ అన్నం తిన్నాక యాప్‌లో గీతలు గీసేవాడు. పోయేది సరదా దారి, వచ్చేది దగ్గరి దారి అంటూ భార్యకు చూపించేవాడు. ఆమె బట్టలు మడతపెడుతూ ఊఁ కొట్టేది. బావకు నీకంటే ఆ ఫోనే ఎక్కువక్కా అని నాగేశ్ నవ్వేవాడు.

పాము కరిచిందని తెలియగానే రంజిత్‌కు చేతులు ఆడలేదు. ఫోన్ ఏదని ఒకటే అరిచాడు. నీళ్లు పట్టడానికి వెళ్లినప్పుడు వాగు గట్టు మీద పెట్టి మరిచిపోయాడు. జయశ్రీ పరుగెత్తింది. ఆమె తిరిగొచ్చేసరికి అతను నాగేశ్‌ను జీపులోకి ఎక్కించాడు. బండి నువ్వు చూసుకో, దారి నేను చెప్తానంటూ ఆమె ముందు కూర్చుంది. అప్పటినుంచి ఫోన్ ఆమె చేతిలోనే ఉంది.

ఇంకో చీలిక వచ్చింది. మ్యాపులో తమ చుక్క కదలడం లేదని చెప్పి జయశ్రీ కిందికి దిగింది. ఫోన్ పట్టుకుని కొంతదూరం నడిచింది. నేల వైపు చూసింది, గుట్ట కిందికి చూసింది, చెవి పెట్టి విన్నది. వచ్చి కూర్చుని కుడికి పొమ్మంది.

“అక్కా, అన్నీ రెండు రెండు కనబడుతున్నయ్,” అన్నాడు నాగేశ్. మాట ముద్దగా వచ్చింది. కనురెప్పలు వాలిపోతున్నాయి.

రంజిత్ బండి ఆపేశాడు. తను గీసిన దారి ఇంత ఇరుకుగా లేదని, వచ్చిన దారినే వెనక్కి పోదామని అన్నాడు. అది రాళ్లెక్కి వచ్చిన దారి, సగం పూట పట్టింది. “నాకు నమ్మకం చిక్కుతలేదు. ఒక్కసారి నాకు చూపియ్యి.”

జయశ్రీ ఫోన్‌ను గుండెకు ఆనించుకుంది.

“చూసుకుంట కూసుంటే వాడు ఆగుతడా? ఇది నువ్వు గీసిన దారే. గీత మీదనే ఉన్నం. పోనియ్యి.”

ఆమె గొంతులో తొణుకు లేదు. అదే అతన్ని కదిలించింది. గేరు వేశాడు. ముందు నిట్టనిలువు పల్లం. చక్రం జారి జీపు పక్కకు ఒరిగింది. రంజిత్ కళ్లు మూసుకోబోయాడు. దించు, కింద చేను ఉన్నదని ఆమె అంటూనే ఉంది. ఒక చెయ్యి వెనక్కి చాపి తమ్ముడి మణికట్టు పట్టుకుంది. పలకరా, పలుకుతూ ఉండరా అంటోంది. నాగేశ్ పలకడం తగ్గిపోయింది.

పల్లం దిగాక నిజంగానే వేరుశనగ చేను వచ్చింది. చేను పక్కన ట్రాక్టర్ బాట. బాట చివర తారు రోడ్డు మీద బస్సు పోతూ కనిపించింది. రంజిత్ చిన్నపిల్లాడిలా ఏడుస్తూ బండిని దూకించాడు.

కొల్లాపూర్ దవాఖానలో వెంటనే సూది మందు ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి ఆగిపోయేదని డాక్టరు చెప్పాడు. చాలాసేపటికి నాగేశ్ కళ్లు పూర్తిగా తెరిచి అక్కను గుర్తుపట్టాడు.

బయట బల్ల మీద రంజిత్ భార్య పక్కన కూలబడ్డాడు. ఇక జన్మలో ఆ యాప్‌ను ఎవరినీ ఒక్క మాట అననివ్వనని అన్నాడు. “అది లేకుంటే మనం గుట్టల్లనే తిరుగుతుంటిమి. ఇయ్యి, దాని గురించి నాలుగు మంచి మాటలు రాస్త.”

ఇంతసేపూ నిబ్బరంగా ఉన్న జయశ్రీ ఇప్పుడు వణకడం మొదలుపెట్టింది. చున్నీ కొంగు విప్పి ఫోన్‌ను అతని అరచేతిలో పెట్టింది. అతను మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

వాళ్లు జీపెక్కకముందే ఆ ఫోన్ వాగులో పడి ఆగిపోయింది.