నత్తల గుంట దగ్గర ఫొటో

ఇష్బెల్ అలల మీంచి దిగి, సర్ఫింగ్ పలక చంకన పెట్టుకుని ఒడ్డుకొచ్చేసరికి, ఎవరు రాకూడదని పొద్దుట్నుంచీ దేవుణ్ణి వేడుకుంటోందో ఆ మనిషే రాళ్ళ మధ్య వంగి కనిపించాడు. ఆమె తండ్రి టోర్మోడ్. సముద్రం వెనక్కి తగ్గాక ఆయన ఇంట్లో ఎందుకుంటాడు? మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరు. రాళ్ళ గుంటల్లో చెయ్యి పెట్టి నత్తలేరి సంచిలో వేస్తున్నాడు.

గ్లాస్గో నుంచి ఇష్బెల్‌తో వచ్చిన స్నేహితులు ఫ్రేజర్, హానా అప్పటికే ముఖాలు చిట్లించారు. గొర్రెల బాట తప్ప దారే లేని ఈ తీరానికి కూడా జనం వస్తారా అని హానా విసుక్కుంది. ఆ సంచి కంపుకి కడుపులో తిప్పుతోందన్నాడు ఫ్రేజర్. ఇష్బెల్ చంకలోని పలక ఆ నత్తలమ్మిన డబ్బుతో కొన్నదే. దానికి మాత్రం కంపు లేదు కాబోలు.

"నీకు తెలిసినాయనేనా?" అడిగాడు ఫ్రేజర్.

"ఎవరో ఊళ్ళో ఆయన," అంది ఇష్బెల్.

అనేసింది గానీ తల కొట్టేసినట్టయింది. టోర్మోడ్ అంత దూరంలో లేడు. తల ఎత్తలేదు, కానీ చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది.

హానాకి ఫొటోల పిచ్చి. వద్దంటున్నా వినకుండా ఇష్బెల్‌ని లాక్కెళ్ళి ముసలాయన పక్కన నిలబెట్టింది. ఆయన టోపీ తీసి జుట్టు సర్దుకున్నాడు. ఇష్బెల్‌కి భూమి చీలితే లోపలికి పోదామనిపించింది. చలేస్తోంది ఇంటికి రా తల్లీ అని ఆయన ఒక్క మాటంటే చాలు, పరువు పోయినట్టే.

ఫోనెత్తి చూస్తున్న హానా పకపకా నవ్వింది. "అదేంటే, ఇద్దరిదీ ఒకటే ముక్కు. తాతా, మీరిద్దరూ చుట్టాలా ఏంటి?"

నిజం ఇష్బెల్ నాలుక చివరిదాకా వచ్చింది, సిగ్గు దాన్ని వెనక్కి తోసేసింది.

టోర్మోడ్ కూతురి వైపు తిరిగాడు. మా లూయిస్ దీవిలో కొత్త మొహం కనిపిస్తే పెద్దవాళ్ళు మొదట అడిగేది ఒకటే. ఇంట్లో దీవి భాషే మాట్లాడే ఆయన, ఆమెతో ఏనాడూ మాట్లాడని ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా, ఆ మాటే అడిగాడు.

"ఎవరి తాలూకమ్మా మీరు?"