ఒక్క గుంజుకే

చీకటి పడ్డాక బోయిన్‌పల్లి మార్కెట్ వెనక షెడ్డులో మెకానిక్ తుకారాం ఒక్కడే మిగిలాడు. చెట్లు కోసే పెట్రోలు రంపం ఒకటి నలుగురు మెకానిక్‌లను ఓడించి అతని దగ్గరికొచ్చింది. ఇంజనుకు నిప్పునిచ్చే ప్లగ్గును విప్పి, పోకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎప్పుడూ ఉన్న అలవాటే. కార్బురేటర్ కడిగాడు, గొలుసు పళ్లకు ఆకురాయి పట్టాడు. ఆత్రం ఆపుకోలేక తాడు లాగాడు.

రంపం గర్జించింది. తుకారాం ఛాతీ ఉప్పొంగింది.

అప్పుడే భార్య కమలాబాయి అన్నం డబ్బా తెచ్చింది.

“చూసినవా? నలుగురు చేతులెత్తేసిన మిషిను. నాకు ఒక్క గుంజుకే షురూ అయింది.”

“మస్తు చేసినవ్. ఇగ బంద్ జేసి తిను.”

గర్వంగా నవ్వుతూ, బీడీ కోసం జేబులో చెయ్యి పెట్టాడు. ప్లగ్గు వేళ్లకు చల్లగా తగిలింది.

రంపం హుషారుగా నడుస్తూనే ఉంది.