బెల్లంముక్క

తణుకులో మౌనికమ్మ మనవరాలు వరూధినికి ఆ ఉదయం చెవులు కుట్టే వేడుక. కుట్టడమన్నది మాటవరసకే. క్రిములు ఏ మందుకూ లొంగని ఈ రోజుల్లో పిల్ల ఒంటిమీద సూది ఆననిచ్చే తల్లి ఎవరు? మేనమామ ఒళ్లో కూర్చోబెడితే ఆచారి వచ్చి బంగారు చుక్కల్ని జిగురుతో తమ్మెలకు అంటిస్తాడు, అంతే.

"నిజంగానే కుట్టించేస్తే ఏమవుద్దే?" అంది మౌనికమ్మ, మనసాగక.

"నాన్న పోయింది గులాబీ ముల్లు గుచ్చుకునే కదమ్మా!" అంది కూతురు.

మౌనికమ్మ తన చెవి తమ్మె తడుముకుంది. తన చెవులు కుట్టిన రోజున వీధి అదిరేలా ఏడ్చింది. తన మేనమామ బెల్లంముక్క పెడితేగానీ ఊరుకోలేదు. తర్వాత చీము పడితే తన తండ్రి సందు చివరి మందుల షాపులో మాత్రలు తెచ్చాడు. రెండు మింగేసరికి తగ్గిపోయింది. మిగిలినవి ఏమయ్యాయో ఎవరూ పట్టించుకోలేదు. అవి అంత చులకనగా దొరికిన రోజులు.

చుక్కలంటించడం అయింది. మేనమామ ఆనవాయితీగా పిల్ల చేతిలో బెల్లంముక్క పెట్టాడు.

"ఇదెందుకు అమ్మమ్మా?"

"ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టడానికి తల్లీ."

"నేనేడవలేదుగా!"

వరూధిని అమ్మమ్మ కళ్లలోకి చూసింది. మేనమామ ఒళ్లోంచి దిగి వచ్చి, ఆ ముక్కని ఆమె నోట్లో పెట్టింది.

"ఊరుకో అమ్మమ్మా."