టేకు పెట్టె

"ఇంకా ఎంత నున్నగా చేస్తావు లింబన్నా? చచ్చినాయనకు గుచ్చుకుంటాదా ఏంది?" అన్నాడు హయాత్ బాషా.

లింబాద్రి చిత్రిక పడుతూనే ఉన్నాడు. దుబాయ్‌లో డేరా అనే పేటలోని ఆ ఆస్పత్రి శవాల గదికి బాషా కాపలాదారు, కడప మనిషి. లింబాద్రి వడ్రంగి. ఊళ్లో తలుపులు, మంచాలు చేసుకునేవాడు దుబాయ్ వచ్చి శవపేటికలు చేస్తున్నాడు. కోటి విద్యలూ కూటి కొరకే అంటారు గానీ, వాటిలో ఇదొకటి ఉందని అతనికెవరూ చెప్పలేదు.

ఆ రోజు రెండు పెట్టెలు. ఒకటి ఇత్తడి పిడుల టేకు పెట్టె, ఫ్రాన్సు దేశపు పాటగాడి కోసం. పెద్ద హోటల్లో పాడుతూ పాడుతూ స్టేజీ మీదే కూలిపోయాడాయన. రెండోది సెంట్రింగు చెక్కలది, పోశయ్య కోసం. లింబాద్రి ఊరివాడే, క్యాంపులో ఒకే గది. కడుతున్న మేడ మీంచి పడ్డాడు. వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, సంతకం పెట్టక నెల దాటేదాకా ఐసులోనే ఉన్నాడు; నిన్ననే ఆ సంతకం పడింది. పాటగాడికి మాత్రం సంతకాలన్నీ వాటంతటవే నడిచొచ్చాయి.

"ఎవరు బాషా భాయ్ ఈయన? గంత పెద్దోడా?"

"ఉర్దూ పేపర్లో చదివినా. బొగ్గుగని కూలోని కొడుకంట. వీధుల్లో పాడుకుంటా తిరిగి, పాటలన్నీ సొంతంగా కట్టి, ఆ దేశాన్నే ఊపేసినాడు. ఎంత సంపాదించినా పాట కట్టింది మాత్రం కూలోళ్ల మీదే. కడాకు పాడిందేందో తెల్సునా? 'నా పరుపు కూలోనికియ్యండి, నేను కింద పండుకుంటా' అని."

లింబాద్రి చేతిలో చిత్రిక ఆగింది.

"నిజంగ గట్లనే పాడిండా?"

"పేపరోళ్లకు అబద్ధం రాయాల్సిన పనేముంది? మనిషి కూడా బక్కోడే, మీ పోశన్న మాదిరి." బాషా టోపీ పెట్టుకుని లేచాడు. "నమాజుకు పోయొస్తా. ఇద్దర్నీ పెట్టెల్లో పెట్టి మేకులు కొట్టేయ్. సాయంత్రమే విమానాలు. యల్లా, తొందరగా."

తెల్లగుడ్డల్లో చుట్టిన ఇద్దరి ముందూ లింబాద్రి ఒక్కడే మిగిలాడు. ఇద్దరి కాలి వేళ్లకూ పేర్ల చీటీలు కట్టి ఉన్నాయి. పోశయ్య ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు: "ఈ ఇసుకల నన్ను ఇడిసిపెట్టకు తమ్మీ. నా బూడిద మన గోదాట్ల కలవాలె." ఆ మాట కోసమే లింబాద్రి కఫీల్ గడప అరిగేలా తిరిగాడు, కాళ్లు పట్టుకున్నాడు. ఇప్పుడు పోశయ్యను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. ఎంత తేలికైపోయాడో! ఏడుపు ఆగలేదు.

బాషా తిరిగొచ్చేసరికి రెండు పెట్టెలకూ మేకులు పడ్డాయి.

"ఖలాస్?"

"ఖలాస్. పోశన్న మంచిగ పన్నడు."

కొన్ని వారాలకు, సెలవు మీద ఊరెళ్లిన క్యాంపు మనిషి ఆశన్న తిరిగొచ్చి కబురు చెప్పాడు. "బొంబాయికెల్లి లారీల వచ్చెటాల్లకు వాసన లేసింది. పెట్టె ఇప్పనియ్యలే పెద్దమనుషులు. 'ఒక్కపారి మొకం సూపియ్యున్రి' అని పోశన్న పెండ్లాం అంజవ్వ పెట్టె మీద పడి ఒకటే ఏడుపు. పెట్టెతోనే కాలవెట్టి, బూడిద గోదాట్ల కలిపిన్రు. నువ్వు మాట నిలవెట్టుకున్నవ్ లింబన్నా."

ఆ పూట లింబాద్రి కడుపునిండా తిన్నాడు.

ఆ వారమే డేరా టీకొట్టులోని టీవీలో పాటగాడి జీవితం చూపించారు. బాషా, లింబాద్రి గోడకానుకుని చూశారు. బొగ్గుగని, వీధి పాటలు, వేలమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టే హాళ్లు. చివరికి అంతిమయాత్ర. లక్షల జనం. మంత్రులు తలలు వంచారు. ఇత్తడి పిడులు మెరుస్తుండగా టేకు పెట్టెను గోతిలోకి దించి మట్టి వేశారు.

లింబాద్రి టీగ్లాసు పక్కన పెట్టి టీవీ ముందుకెళ్లి నిలబడ్డాడు.

"ఏందన్నా, పోశన్న యాదికొచ్చినాడా? కూలోనికి ఇంత జనం ఎక్కడ ఏడుస్తారులే."

"భాయ్, పెట్టెల మీద పేర్ల కాగితాలు ఎవలంటిచ్చిన్రు?"

"మా ముదీరే, ఆఫీసు మేనేజరు. ఏం?"

"దేంట్ల ఎవలున్నరో ఆయనకెట్ల తెల్సె?"

"అదొక అడగాల్సిన మాటనా? టేకుది దొరది, సెంట్రింగు చెక్కది కూలోనిది. గుడ్డోనికైనా తెలుస్తాది."

టీవీలో ఇంకా పూలు చల్లుతూనే ఉన్నారు.

టేకు పెట్టెలో లింబాద్రి పడుకోబెట్టింది పోశయ్యను.