తక్కువైన పెంకు

మా ఆదివాసుల ఊరు ప్యూబ్లోలో, మ్యూజియం వెనక ఇసుకతొట్టిలో బడిపిల్లలు తవ్వుతున్నారు. దొరికిన పెంకులన్నీ మైనంతో అతికించి కుండ నిలబెట్టారు. మూతి దగ్గర ఒక్క పెంకు తక్కువైంది.

"నువ్వే దాచావు తాతా," అంది డెలీనా. మా ఆకోమా తెగ పిల్లే, నోరు ఎక్కువ.

"నేనెందుకు దాస్తానే."

"మరి ఆ చెయ్యి జేబులోంచి తియ్యవేం? చలేస్తోందా?"

పిల్లలంతా నవ్వారు. ఆ పిల్ల ఖాళీలో వేలు పెట్టి చూసింది.

"దీన్ని చేసినావిడ పోయి వెయ్యేళ్లయి ఉంటుంది. ఆవిడేం అడగదులే, ఇచ్చెయ్యి తాతా."

ఇంతలో బస్సు హారన్ మోగింది. అందరూ పరుగెత్తారు.

కుండ విడదీసి, రేపటి పిల్లల కోసం మళ్లీ పూడ్చడం నా పని. అది కాల్చేటప్పుడు పగిలిన కుండ. పగిలినదాన్ని నూరి కొత్త కుండ మట్టిలో కలపడం మా వాడుక. మా ఆవిడ రోసెండా తను చేసిన ఈ కుండనీ అలాగే కలుపుతానంది. కొత్త మట్టి పిసక్కముందే, కిందటి చలికాలంలో కన్నుమూసింది.

పెంకులన్నీ ఇసుకలో కప్పాను. తన బొటనవేలి ముద్ర పడ్డదాన్ని మాత్రం ఇవాళ కూడా జేబులోనే ఇంటికి తెచ్చుకున్నాను.