గంట మోగితే నలుగురు

"ఎన్ని కొట్టమంటావమ్మా?" యేసుపాదం గంట తాడు పట్టుకుని అడిగాడు.

"డెబ్భై ఒకటి. ప్రేమమ్మ వయసు అంతే," అంది రెబ్కా.

మిషన్ వృద్ధాశ్రమంలో పద్ధతి అది. ఎవరైనా పోతే వాళ్ల వయసెంతో అన్ని దెబ్బలు, ఒక్కొక్కటిగా కొడతారు. యేసుపాదం రిటైరైన బడిపంతులు. డెబ్భై ఎనిమిదేళ్లు. ఆశ్రమంలో అందరికన్నా పెద్ద. తాడు లాగకుండా నిలబడ్డాడు.

"రేపు నాకోసం కొడితే ఎవరొస్తారు?"

"ఎవరూ రారు మాస్టారూ."

"తెలిసే అడిగాను," అని తాడు లాగాడు.

రెబ్కా గడియారం చూసుకుంది. తొమ్మిదీ పది. ఆమె మిషన్ ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి ఇక్కడ చేరింది. పదకొండింటికల్లా ప్రేమమ్మ మంచం రోడ్డు మీద ఉండాలి. రోడ్డు రెండు మైళ్లు. మూడు రోజుల వాన రాత్రే ఆగింది. నల్లరేగడి దారిలో బండి చక్రం ఇరుసుదాకా దిగబడుతుంది. మనుషులు మొయ్యాల్సిందే. ఆశ్రమంలో మిగిలిన పద్నాలుగు మందిలో మంచం ఎత్తగలవాళ్లు లేరు.

దానికే ఊరితో ఒప్పందం. ఎనభై రెండులో పంచాయతీ ఆఫీసులో కూర్చుని రాసుకున్నారు. ఆశ్రమం వాళ్లు ఊరికి అర్జీలు, బ్యాంకు ఫారాలు రాసిపెట్టాలి. సూదిమందు వెయ్యాలి. పురుగుమందు తగిలి పడిపోయిన కూలీలను చూడాలి. ఆశ్రమంలో గంట మోగితే రైతులు నలుగురు కూలీలను పనిలోంచి వదలాలి. ఆ పూట కూలి కొయ్యకూడదు.

జబ్బు చేసినప్పుడు కూడా వదలమని యేసుపాదం ఆ రోజే అడిగాడు.

"మీలో రోజూ ఎవరికో ఒకరికి జబ్బే గదండీ. చావైతే మనిషికి ఒక్కసారే," అన్నాడు సర్పంచి బాపయ్య.

కాగితంలో చావు మాత్రమే రాశారు.

అరవయ్యో దెబ్బకు మరియదాసు, మరో ముగ్గురు కూలీలు బాపయ్య పత్తిచేలోంచి వచ్చారు. మోకాళ్లదాకా బురద. వాళ్ల వెనకే బాపయ్య.

"ఎప్పుడమ్మా?" అన్నాడు.

"రాత్రి భోజనాలప్పుడు ప్రేమమ్మ కడుపునొప్పి అంది. కడుపు రాయిలా అయింది. తెల్లారేసరికి మాట పడిపోయింది."

బాపయ్య తలగుడ్డ తీశాడు. "మా కోడలి కాన్పుకి రెండు రాత్రులు దగ్గర కూర్చుంది మహాతల్లి. పెట్టె తెప్పించారా?"

"ఇంకా చెప్పలేదు."

"పాస్టరుగారో?"

"పదకొండింటికి బస్సుందిగా."

"ఓ, సత్తెనపల్లి నించి వస్తన్నారా. మంచిది. శ్మశానం రోడ్డు పక్కనేగా, అటునించటే దిగొచ్చు. కానీండ్రా. పన్నెండింటికి మళ్లీ చేలో ఉండాల. ఇయ్యాళ మందు కొట్టకపోతే పచ్చపురుగు కాయంతా తినేసుద్ది."

ప్రేమమ్మ మంచానికి వెదురు బొంగులు కట్టి ఉన్నాయి. ఆమె జారకుండా పాతచీర పేలికలతో మంచానికి కట్టి, దుప్పటి తలదాకా కప్పారు.

"ఒకసారి మొగం చూస్తానమ్మా," అని బాపయ్య ముందుకొచ్చాడు.

రెబ్కా అడ్డం నిలబడింది. "రోడ్డు మీద తీస్తాను. అందరూ అక్కడ చూద్దురుగాని."

నలుగురూ మంచం ఎత్తారు. యేసుపాదం గంట దగ్గరే ఉండిపోయాడు.

దారిలో అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టంగా ఉంది. రెండువైపులా చేలల్లో నీళ్లు నిలిచాయి. బాపయ్య రెబ్కా పక్కన నడుస్తూ మాట కలిపాడు.

"మేం మాట తప్పలేదమ్మా. నాలుగేళ్లలో పదకొండుసార్లు గంట మోగింది. పదకొండుసార్లూ మనుషుల్ని పంపా. జయకుమారి టీచరుకైతే ఆరుగుర్ని పంపా."

"పంపారు. అంతకుముందు మూడు రోజులు ఆవిడ జ్వరంతో మూలిగింది. మనుషుల్ని అడిగితే మిరప నాట్లన్నారు."

"నాట్లప్పుడు నాట్లే గదమ్మా."

రెబ్కా మళ్లీ గడియారం చూసుకుంది. పదీ ఇరవై. ఇంకా సగం దారి ఉంది.

తలవైపు మోస్తున్న మరియదాసు ఉన్నట్టుండి ఆగాడు. మంచం వైపు తల వంచాడు. తర్వాత రెబ్కా వంక చూశాడు. రెబ్కా చూపు తిప్పుకోలేదు.

"ఏందిరా, ఆగావు?" అన్నాడు బాపయ్య.

"భుజం మార్చుకుంటన్నానండీ." మరియదాసు ముందున్నవాళ్లను కేకేశాడు. "ఒరేయ్, కుదపకుండా నడవండ్రా. తొందరగా."

"పోయినావిడకి తొందరేందిరా?"

ముందున్న ఇద్దరూ అడుగు పెంచారు. ఒకడు జారి మోకాలి మీద పడ్డాడు. మంచం మాత్రం వంచలేదు.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా రోడ్డెక్కారు. మంచాన్ని కల్వర్టు పక్కన దించారు. ఎడమవైపు శ్మశానం గేటు. బాపయ్య కల్వర్టు గోడమీద కూర్చుని చెప్పుల బురద గీక్కుంటున్నాడు.

గుంటూరు బస్సు వచ్చింది. రెబ్కా రోడ్డు మధ్యకు వెళ్లి రెండు చేతులూ ఎత్తింది. బస్సు ఆగింది. ఎవరూ దిగలేదు.

"పాస్టరుగారు రాలేదే," అంటూ బాపయ్య లేచాడు.

రెబ్కా బస్సు దగ్గరికి వెళ్లి వెనక సీటు ఖాళీ చేయించమని కండక్టరుకు చెప్పి వచ్చింది. ఆమె అడక్కుండానే మరియదాసు చీర పేలికలు విప్పుతున్నాడు.

"ఇదేందమ్మా, శ్మశానం ఇటు గదా," అన్నాడు బాపయ్య.

రెబ్కా ముఖం మీది దుప్పటి తీసింది.

ఎండ పడగానే ప్రేమమ్మ కళ్లు చిట్లించింది.