బస్తా బాబాయ్

తెల్లారిందంటే చాలు, మెట్ల మీద ధబ్ ధబ్‌మని చప్పుడు.

పై అంతస్తులో అద్దెకు దిగిన ముసలాయన వీపున ఇసుక బస్తా వేసుకుని, చెమటలు కక్కుతూ మెట్లు ఎక్కి దిగుతుంటాడు. బిల్డింగంతా ఆయనకు బస్తా బాబాయ్ అని పేరు పెట్టేసింది.

ఓ రోజు నాలుగో అంతస్తు కోడలు దారికి అడ్డం నిలబడింది.

"బాబాయ్ గారూ, ఈ వయసులో ఇంత కసరత్తు ఒంటికి మంచిదేనా?"

"ఏమోనమ్మా. మంచిదో కాదో గానీ, చెయ్యకపోతే నాకు నిద్ర పట్టదు."

"మీరు చేస్తుంటే మా అత్తయ్యకి పట్టట్లేదు!"

ఆయన నొచ్చుకున్నాడు. చెప్పులు విప్పి చేత పట్టుకుని ఎక్కాడు.

అయినా ఆమె ఊరుకుందా? ఓనరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. పోరు పడలేక ఆయన బాబాయ్‌ని ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.

సరిగ్గా బాబాయ్ సామాను సర్దుకునే రోజే అత్తయ్య వంటింట్లో కూలబడింది. మూతి వంకరపోయింది. మాట ముద్దయిపోయింది.

కొడుకు ఆఫీసులో ఉన్నాడు. లిఫ్ట్ చూస్తే, మామూలే, మధ్యలో ఆగి ఉంది.

"ఎవరైనా రండి!" కోడలు గొంతు చించుకుంది.

తలుపులైతే తెరుచుకున్నాయి గానీ, ముందుకొచ్చింది బాబాయ్ ఒక్కడే.

"దుప్పటి తేమ్మా. ఆవిణ్ణి నా వీపుకి కట్టెయ్యి. గట్టిగా!"

నాలుగంతస్తులూ ఎక్కడా ఆగకుండా దిగిపోయాడు. పొరుగింటాయన కారు తీశాడు.

"సమయానికి తెచ్చారు. గండం గడిచింది" అన్నాడు డాక్టరు.

సాయంత్రానికి అత్తయ్యకు నోరు కాస్త తిరిగింది.

"మీ మావయ్య కూడా... నన్నెప్పుడూ అలా ఎత్తుకోలేదే" అని నత్తినత్తిగా నవ్వింది.

కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఉన్నపళంగా ఇంటికొచ్చి మెట్లన్నీ పరుగున ఎక్కింది. పై ఇంటి గుమ్మానికి బాబాయ్ చెల్లెలు తాళం వేస్తోంది.

"అన్నయ్య సామాన్లతో మా ఇంటికి వెళ్ళిపోయాడమ్మా."

"వెనక్కి పిలవండమ్మా! నోటి దురుసుతో పాపం చేశాను. ఓనరు కాళ్ళు నేను పట్టుకుంటాను."

"రాడులే. మా బిల్డింగుకి అసలు లిఫ్టే లేదు, ముసలాళ్ళు మాత్రం బోలెడుమంది. ఆ మాట విన్నాక ఇంక ఆగుతాడా?"

"ఆయనకెందుకండీ ఇంత కష్టం?"

చెల్లెలు తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"మా వదినకి గుండెనొప్పి వచ్చిన రోజున కూడా ఇలాగే లిఫ్ట్ ఆగిపోయిందమ్మా, ఆవిణ్ణి ఎత్తుకుని రెండంతస్తులు దిగేసరికి అన్నయ్య చేతుల్లో సత్తువ అయిపోయింది."